నిమ్మరసం వేళ

ఇంకో గంట ఓపిక పడితే నిమ్మరసం ఇస్తారు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండుకి ఎదురుగా వేసిన షామియానా కింద, మెడలో వాడిపోయిన బంతిపూల దండతో, కాళ్ళు ముడుచుకుని కూర్చున్న మాలతికి పొద్దున్నుంచీ ఆకలి అంతగా తెలియలేదు గానీ నాలుక మాత్రం ఎండి అట్టకట్టుకుపోయింది. తెలంగాణ కోసం చేసే ఈ రిలే నిరాహార దీక్ష అంటే మరీ ప్రాణాల మీదికి తెచ్చుకునే వ్యవహారం కాదు, ఇవాళ కూర్చున్నవాళ్ళు సాయంత్రం లేచిపోతారు, రేపు ఇంకొకళ్ళు కూర్చుంటారు, ఇడ్లీ వడ సుష్టుగా లాగించి వచ్చి కూర్చునే మహానుభావులూ లేకపోలేదు. మాలతి మాత్రం నిన్న రాత్రి కూడా తినలేదు. దీక్ష కోసం కాదు, గొంతు దిగక. నిమ్మరసం ఇచ్చే ముందు మైకు ఆమె చేతికిస్తారు, నీ డాక్టరు సీటు ఎవరు తిన్నరో నీ నోటితోని నువ్వే చెప్పు బిడ్డా అంటారు, ఆమె చెప్పాలి. ఆ సంగతి నరేష్ బావ ఇప్పటికే మైకులో చాటుతూనే ఉన్నాడు. నరేష్‌కుమార్ అంటే ఆమె మేనత్త కొడుకు, లా చదువుతూ చదువు మానేసి ఈ శిబిరాన్ని నడుపుతున్నవాడు, గొంతు ఇప్పటికే సగం పోగొట్టుకున్నవాడు. "గీ పోరి మన పోచంపల్లి బిడ్డ. మగ్గం నేసెటోల్ల బిడ్డ. ర్యాంకొచ్చింది, సీటు రాలే. ఎందుకు రాలే? జర ఆగుండ్రి, ఆమెనే జెప్తది!" అంటాడు, డప్పు రెండు దరువులు పడుతుంది, జనం జై కొడతారు, మాలతి తల దించుకుని చాప అంచు నుంచి ఒక్కో పుల్లా లాగుతుంది.

సీటు ఎవరూ తినలేదు. అదే వచ్చిన చిక్కు. ఎవరైనా తిని ఉంటే ఎంత బాగుండేది, పేరు పెట్టి తిట్టి హాయిగా నిమ్మరసం తాగి ఇంటికి పోయేది. సర్టిఫికెట్ల కౌంటరులో కూర్చున్న ఆయన మంచివాడే, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కాయితాలు ఇటు తిప్పి అటు తిప్పి, ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా అన్నీ విజయవాడలోనే చదివావా అమ్మా అన్నాడు, అవునండీ అంది, అయితే నువ్వు ఏయూ లోకల్ అన్నాడు. ఏయూ అంటే ఆంధ్రా యూనివర్సిటీ. చివరి నాలుగేళ్ళు వరసగా ఎక్కడ చదివితే ఆ పిల్ల అక్కడి పిల్ల, అంతే, తాత ఎక్కడ పుట్టాడో నాయన ఏ ఊరి నీళ్ళు తాగాడో కౌంటరుకి అక్కర్లేదు. పక్కన నిలబడ్డ నాయన, దశరథ, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చిన నాయన, ముందుకు వంగి "గదేంది సార్, మాది పోచంపల్లి పక్కన, మా తాతముత్తాతలంత ఆడనే, ఈమె పుట్టింది గూడ ఆడనే" అన్నాడు, ఏదో తప్పు రాసుకున్నారు కాబోలు దిద్దుతారు అన్న ధీమాతో నవ్వుతూ. కౌంటరాయన నవ్వలేదు. ఇక్కడి సీట్లు ఇక్కడ చదివినవాళ్ళకి పెద్దాయనా, మిగిలిన కాసిని ఎవరికైనా, వాటికి ఈ ర్యాంకు చాలదు, అక్కడి సీట్లకేమో అక్కడి పోటీ, దానికీ చాలదు అన్నాడు. ఇక్కడ చదివి ఉంటే వచ్చేదా సార్ అని నాయన అడగలేదు. మాలతే అడిగింది. వచ్చేదమ్మా, నిక్షేపంగా వచ్చేది అన్నాడాయన, ఓదారుస్తున్నాననుకుని.

మృదులకి వచ్చింది. మాలతి కన్నా చాలా వెనక ర్యాంకు, అయినా వచ్చింది, ఈ ఊళ్ళోనే, ఎందుకంటే మృదుల పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చైతన్యపురి దాటి చదవలేదు. మృదుల వాళ్ళమ్మ అమ్మాజీ గారిది తణుకు, నాన్న వెంకటేశ్వరరావు గారిది భీమవరం పక్కన ఏదో ఊరు, ఇంట్లో ఇప్పటికీ ఆవకాయ అటు నుంచే వస్తుంది, అయినా కాయితాల ప్రకారం మృదుల తెలంగాణ పిల్ల, మాలతి ఆంధ్రా పిల్ల. ఈ మాట మొదటిసారి మనసులో అనుకున్నప్పుడు మాలతికి నిజంగానే నవ్వొచ్చింది, కౌంటరు బయట మెట్ల మీద కూర్చుని పగలబడి నవ్వింది, నాయన భయపడి భుజం పట్టుకున్నాడు, ఏమైంది బిడ్డా అని. ఏం కాలేదు నాయినా. ఏమీ కాలేకపోయాను, అంతే.

పక్కన కూర్చున్న రాములమ్మ కునికిపాట్లు పడుతూ ఒక్కసారి మాలతి భుజం మీదికి ఒరిగి లేచింది. కొత్తపేటలో కూరగాయలు అమ్ముతుంది రాములమ్మ, సమ్మె మొదలైంది మొదలు బండి మూలపడింది, ఇక్కడ నీడ ఉంది, పాటలున్నాయి, నాలుగు మొహాలు కనపడతాయి అని రోజు విడిచి రోజు వచ్చి దీక్షలో కూర్చుంటుంది, దండ వేస్తే సిగ్గుపడుతుంది. "ఏందే అట్లున్నవ్, కడుపుల తిప్పుతుందా? జరంత ఒరుగు నా మీద" అంది. ఏం లేదవ్వా అంది మాలతి. లేదవ్వా. ఆ రెండు ముక్కలూ సరిగ్గానే పలికానా అని ఆమె చెవి వెంటనే వెనక్కి తిరిగి తనని తానే పరీక్ష చేసుకుంది, హాస్టలు నుంచి తిరిగొచ్చిన దగ్గర నుంచీ అదే పని, నోటి నుంచి వచ్చిన ప్రతి మాటకీ వెనక ఒక కాపలా. ఎదురుగా బస్సులు లేని బస్టాండు, ఎండ తప్ప ఏమీ ఆగని ప్లాట్‌ఫారాలు, షట్టర్లు దించిన బట్టలకొట్లు, వాటిలో ఒక దాంట్లోనే నాయన చీరలు విప్పి చూపించి మళ్ళీ మడతపెట్టే ఉద్యోగం చేస్తాడు. తన చేత్తో నేసిన చీరని ఇంకొకడి కొట్లో నిలబడి ఇది పోచంపల్లి అమ్మా అని చెప్పి అమ్మేవాడు మొదట్లో, తరవాత మగ్గమే మానేశాడు, కొట్లో నిలబడటం ఒక్కటే మిగిలింది.

మగ్గం ఉండేది వెంకటేశ్వరరావు గారింటి వెనక రేకుల గదిలో. కిరాయికి దిగినప్పుడు మాలతి ఒకటో తరగతి. అమ్మ భాగ్యమ్మ ఆసు పోసేది, గోడకి ఆనించిన చట్రానికి ఒకవైపు ఒక్క మేకు, అటువైపు వంపుగా బోలెడు మేకులు, దారం పట్టుకుని చెయ్యి అటూ ఇటూ, అటూ ఇటూ, పొద్దు గుంకేదాకా, భుజం పడిపోయేదాకా. మృదుల గుమ్మంలో కూర్చుని నోరు తెరుచుకుని చూసేది, ఆంటీ నేను పోస్తా ఆంటీ అనేది, భాగ్యమ్మ నవ్వి నీ చేతులు అరిగిపోతయ్ బంగారూ అనేది. నాయన దారాలకి రబ్బరు ముక్కలు చుట్టి చిటికి కట్టి రంగులో ముంచితే, కట్టిన చోట రంగెక్కదు, విప్పితే తెల్లగా ఉంటుంది, ఆ తెలుపే తరవాత చీర మీద చిలకో ఏనుగో అవుతుంది, మృదులకి అదంతా ఇంద్రజాలం, మాలతికి విసుగు. మాలతికి ఇంద్రజాలమంతా ముందువైపు ఇంట్లో ఉండేది, అమ్మాజీ గారి వంటింట్లో, పెసరట్టు మీద ఉప్మా పెట్టి మడిచే ఆ మడతలో, వరసగా పేర్చిన స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కి ఉండటంలో. ప్రతి గ్లాసు మీదా వెం. అమ్మాజీ అని చుక్కల అక్షరాలు. వేలితో తడిమి చదువుకునేది. అమ్మాజీ గారు నిమ్మరసం కలిపేవారు, మృదులకి పంచదార ఎక్కువ, మాలతికి ఉప్పు ఎక్కువ, "దీని నోరు వేరే బాబూ, తీపి ఇస్తే మొహం చిట్లిస్తుంది" అనేవారు, రెండు గ్లాసులు కలిసిపోకుండా ఒకదాని మీద చిన్న పళ్ళెం మూతపెట్టేవారు. మూత ఉన్నది మాలతిది.

ఇప్పుడు ఈ శిబిరానికి రోజూ సాయంత్రం వచ్చే నిమ్మరసం క్యానూ ఆ ఇంటిదే. ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు, ఏదో లేడీస్ హాస్టల్ మెస్సు వాళ్ళు పుణ్యానికి పంపుతున్నారు అనుకుంటారు. శిబిరం మొదలైనప్పుడు మాలతే వెళ్ళి అడిగింది, ఆంటీ, సాయంత్రం పూట కాస్త నిమ్మరసం అని నసిగింది, ఎవరికోసమో తెలిసీ అమ్మాజీ గారు ఒక్క క్షణం చేతిలో గరిటె ఆపి, "దానిదేముందే, ఎండన పడి కూర్చుంటున్నారు పాపం. కానీ మీ అంకులికి చెప్పకు, ఆయన ఇవన్నీ చూసి రాత్రుళ్ళు నిద్రపోవట్లేదు" అన్నారు. వెంకటేశ్వరరావు గారు బ్యాంకులో పని చేస్తారు, ఈ మధ్య ఇంటి ముందు పేరు పలక తీయించేశారు, స్కూటరు నంబరు ప్లేటు మీద ఏపీ అన్న చోట ఎవరో గీకేసి టీజీ అని రాసి పోతే దాన్ని చెరపకుండా అలాగే తిరుగుతున్నారు.

ఆయనే అన్నారు విజయవాడ పంపమని. అది నిజం, ఆ ఒక్కటీ ఎవరూ కాదనలేరు. మాలతి ఏడో తరగతిలో స్కూలు మొత్తానికీ మొదటొస్తే, ముందుగదిలో కుర్చీలో కూర్చుని, గుమ్మంలో నిలబడ్డ నాయనతో, ఎన్నేళ్ళయినా నాయన ఆ గుమ్మం దాటి లోపల కూర్చున్నది లేదు, "దశరథా, పిల్ల చురుకైంది, ఇక్కడ పెట్టి పాడుచెయ్యకు. మా బావమరిది కాలేజీ ఉంది విజయవాడలో, స్కూలు నుంచే డాక్టరుకి తయారు చేస్తారు. మా మృదులని కూడా పంపేవాణ్ణే, దాని తల్లి పడనివ్వదు" అన్నారు. లోపల నుంచి అమ్మాజీ గారు "నా పిల్లని నేను వదిలి ఉండలేను, మీ చదువులు తగలెట్ట" అంటూ గిన్నె చప్పుడు చేశారు. చదువంటే పిల్లని వదులుకోవడం అని నాయన అర్థం చేసుకున్నాడు, వదులుకోగలిగితే గొప్పవాడవుతానని కూడా అనుకున్నాడేమో, ఆ వేసవిలోనే మగ్గం ఊరికి పంపేశాడు, ఎల్బీనగర్‌లో ఒంటిగదికి మారాడు, కొట్లో పూర్తిరోజు ఉద్యోగానికి కుదిరాడు. ఒక తల్లి మొండితనం కూతుర్ని లోకల్ చేసింది, ఒక తండ్రి ఆశ కూతుర్ని నాన్‌లోకల్ చేసింది. దీన్ని ఏ జెండా కింద నిలబడి తిట్టాలో మాలతికి తెలియదు.

నాయన వచ్చాడు. ముందు వరసలో ఎవరో లేచి చోటిచ్చారు, అదే తెల్లచొక్కా, భుజాన కండువా, ఆమె వైపు చూసి కళ్ళతోనే తిన్నావా అన్నట్టు అడిగి, అంతలోనే దీక్ష సంగతి గుర్తొచ్చి తనలో తనే నవ్వుకున్నాడు. సీటు గురించి నాయన చెప్పే కథ ఎలా మొదలైందో మాలతికి తెలుసు. కౌంటరు నుంచి వచ్చిన మర్నాడు పక్కింటాయన అడిగితే "ఆడ సదివినందుకు ఇయ్యరంట" అన్నాడు. ఆ తరవాతెప్పుడో "ఎంకటేశ్వర్రావు సారు చెప్పబట్టే తోలిన" అన్నాడు. ఇంకో రెండు రోజులకి నరేష్ బావ వచ్చి గుచ్చి గుచ్చి అడిగేసరికి అది "మా పోరిని ఆడికి తోలిచ్చి, ఆయన బిడ్డనేమో ఈడనే ఉంచుకున్నడు" అయింది. బావ కళ్ళు మెరిశాయి. "చూసినవా మామా! గీ ముచ్చట మైకుల చెప్పాలె. లెక్కలు చెప్తే ఎవడింటడు, పోరి నిలవడి చెప్తే రాయి గూడ కరుగుతది" అన్నాడు. నాయన వద్దనలేదు. చెప్పగా చెప్పగా ఆ మాట నాయన నోట్లో నున్నబడింది, ఇప్పుడు అడ్డం లేకుండా జారుతుంది. అబద్ధమాడటం చేతకాని మనిషి, కొట్లో రంగు దిగుతుందమ్మా అని చెప్పి గిరాకీ పోగొట్టి తిట్లు తిన్న మనిషి, దీన్నెలా కట్టుకున్నాడా అని మాలతి వారం రోజులుగా ఆలోచిస్తోంది. తన తప్పు ఒప్పుకోలేక అనుకుంది. పరువు కోసం అనుకుంది. లోపల కాస్త చిన్నచూపు కూడా చూసింది, ఏం దాచుకోవాలి.

డప్పు ఆగింది, ఇంకెవరో పాట అందుకున్నారు. ఈ పాటలే ఆమెని బతికించాయి, ఆ మాట మాత్రం ఎవరి దగ్గరైనా ఒప్పుకుంటుంది. పరీక్షలయ్యి హాస్టలు నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఎల్బీనగర్ గదిలో ఆమె చుట్టంలా ఉండేది. నీళ్ళు కావాలమ్మా అంటే అమ్మ ఉలిక్కిపడేది, బయట కిరాణం కొట్టువాడు "మీరు ఏ ఊరు మేడం, గుంటూరా" అని అడిగేవాడు. ఒకరోజు కొత్తపేట రోడ్డు మీద నడుస్తుంటే ర్యాలీ ఎదురైంది, నరేష్ బావ ముందు నడుస్తున్నాడు, చెయ్యి పట్టి లాగాడు, ఆమె గొంతు ఎప్పుడు ఎత్తిందో తెలియదు, జై తెలంగాణ అన్నప్పుడు పొట్టలోంచి వేడి ఆవిరి లాంటిదేదో పైకొచ్చింది, చుట్టూ వందల గొంతులు, అందరూ అమ్మలాగే, నాయన లాగే మాట్లాడుతున్నారు, మైకుల్లో మాట్లాడుతున్నారు, తల ఎత్తి మాట్లాడుతున్నారు! హాస్టల్లో దాచి పెట్టుకున్న మాటలు ఇక్కడ దండలేసి ఊరేగిస్తున్నారు. ఆ రాత్రి ఏడ్చింది. ఎక్కడి దాన్నో తెలిసిపోయింది అనుకుంది, ఇక జన్మలో ఎవరూ అడగక్కర్లేదు. కానీ నాలుక రాలేదు. మనసు వచ్చింది, గుండె వచ్చింది, నాలుక మాత్రం అక్కడే ఎక్కడో బందరు కాలవ గట్టున ఆగిపోయింది. మాట్లాడబోతే వేషం వేసినట్టుండేది, వెనక నుంచి ఎవరో కిసుక్కుమనేవారు, "మాలతక్క సీరియల్ల మాట్లాడినట్టు మాట్లాడుతది" అని శిబిరంలో చిన్నపిల్ల కూడా అంది.

అక్కడా ఇలాగే కదా నవ్వారు. హాస్టల్లో మొదటి నెల ఆకలేస్తే "బువ్వెప్పుడు పెడ్తరు" అన్నందుకు గది గదంతా నవ్వింది. సీతామహాలక్ష్మి అని ఒక పిల్ల, చెడ్డది కాదు, కాకపోతే నవ్వు ఆపుకోలేదు, రాత్రి దీపాలార్పాక చీకట్లో మాలతి గొంతు పెట్టి బువ్వెప్పుడు పెడ్తరు అనేది, మంచాలన్నీ కదిలిపోయేవి. లెక్కల సారు ఆమెని లేపి, "ఏమ్మా తెలంగాణా, ఎట్లొచ్చింది ఆన్సరు?" అనేవాడు, ప్రేమగానే అనేవాడు, ప్రేమగా అన్నది మరీ గుచ్చుకునేది. మాలతి స్నానాలగదిలో బకెట్ నిండుతుంటే ఆ చప్పుడులో మాటలు నేర్చుకుంది. వస్తున్నానండి. వెళ్తున్నానండి. ఎలా ఉన్నారండి. దీపావళి నాటికి నేర్చేసుకుంది, సంక్రాంతి దాటేసరికి పక్క గదికి ఖమ్మం అవతల నుంచి ఒక కొత్త పిల్ల వచ్చి ఏందక్కా అంటే, అందరికన్నా ముందు నవ్వింది మాలతే.

ఆ నవ్వు తరవాత వచ్చిన వేసవే కదా. మాలతి చాప పుల్లలు లాగడం ఆపింది. వద్దనుకుంటూనే ఉంది, ఇటు రానివ్వకూడదనుకుంటూనే ఉంది, బస్టాండు చూసింది, రాములమ్మని చూసింది, పాట వింది, అయినా గేటు వచ్చేసింది. హాస్టలు ఇనుపగేటు, నీలం రంగు, దాని అవతల నాయన. ఎనిమిదో తరగతి పరీక్షలు అయిపోయిన మర్నాడు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన నలిగిన చొక్కా, చేతిలో కాయితంలో చుట్టిన, అమ్మ కాల్చిన సర్వపిండి రొట్టె, ఇంకో చేతిలో కొత్త జిప్పు సంచి, ఖాళీది, ఆమె సామాన్లు పెట్టుకోడానికి. వార్డెన్‌తో అంటున్నాడు, "మా పోరిని తీస్కవోతా మేడం. ఆల్లమ్మ దానికోసం తిండి తింటలేదు. ఈడ వద్దు, మా కాడనే ఏదో ఇస్కూల్ల ఏస్త." పోరి అన్న మాటకి వరండాలో సీతామహాలక్ష్మి మోచేత్తో పక్క పిల్లని పొడిచింది. అంతే, అంత చిన్న పొడుపు. మాలతి గేటు దాకా నడిచి, వరండాకి వినపడేట్టు, "నేను రాను నాన్నగారూ. ఇక్కడే చదువుకుంటాను. మీరు వెళ్ళండి" అంది. నాన్నగారూ! ఆ పిలుపుకి నాయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచిందేమో అని. తరవాత గొంతు తగ్గించి, "నిజంగనే రావా బిడ్డా? ఒక్క మాట చెప్పు, నేనేమనుకోను" అన్నాడు. రాను అంది. నాయన ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టాడు, కొట్లో చీర మడిచినంత నేర్పుగా, చంకలో పెట్టుకున్నాడు, సర్వపిండి పొట్లం వార్డెన్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అది ఆమె వరండాలో పంచలేదు, తినలేదు, వాసనొస్తోందని కిటికీ లోంచి పారేసింది.

ఆ రోజు సంచి నింపుకుని ఉంటే ఇక్కడ తొమ్మిది, ఇక్కడ పది, ఇక్కడ రెండేళ్ళ ఇంటరు. నాలుగేళ్ళు. సరిగ్గా కౌంటరాయన అడిగిన నాలుగేళ్ళు. పంపమన్నది వెంకటేశ్వరరావు గారే, పంపింది నాయనే, కానీ నాయన తన తప్పు దిద్దుకోడానికి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాడు, దిద్దుకోనివ్వనిది తను. తన సీటు తనే తినేసింది, పదమూడేళ్ళ వయసులో, ఒక పిల్ల మోచేతికి భయపడి. మాలతి తలెత్తి నాయన వైపు చూసింది. నాయన మైకు వైపు చూస్తున్నాడు, పెదాలు కదుపుతున్నాడు, మననం చేసుకుంటున్నాడు, తనని అడిగితే తడబడకుండా చెప్పాలని. అప్పుడు తెలిసింది ఆమెకి, వారం రోజులుగా తెలియనిది. నాయన ఆ కథ తన తప్పు కప్పుకోడానికి కట్టలేదు. పక్కింటాయనకి గానీ, అమ్మకి గానీ, నరేష్ బావకి గానీ ఆ గేటు సంగతి ఇంతవరకూ చెప్పలేదు, నేను పోయిన, పోరి రానన్నది అని ఒక్క ముక్క చెబితే తన మీద మాట పడేది కాదు, చెప్పలేదు. చిన్నచూపు చూసిందే, ఆ మనిషిని! సిగ్గుతో మాలతి చెవులు వేడెక్కాయి. కూతురి చుట్టూ రబ్బరు ముక్కలు బిగించి కట్టాడు, ఆ చోట రంగు అంటకుండా. ఆ రంగంతా పోయి ఇంకో ఇంటి మీద పడుతోంది, అది నాయనకి కనపడటం లేదు, కనపడినా ఆయనకి తన బిడ్డ ముఖ్యం.

చెప్పేస్తాను అనుకుంది. మైకు పట్టుకుని, మా నాయిన తీస్కవోనీకి ఒచ్చిండు, నేనే రానన్న, ఎవ్వరి తప్పు లేదు అంటాను, నవ్వితే నవ్వనీ. అలా అనుకోగానే ఒళ్ళంతా తేలికైంది, నిమ్మరసం తాగినంత చల్లగా అయింది. అనుకున్నంతసేపు పట్టలేదు ఆ తేలిక దిగిపోవడానికి. ఎందుకంటే షామియానా చివర, గుంజ పక్కన, మృదుల నిలబడి ఉంది. క్యాను ఎప్పటిలా కింద పెట్టి ఉంది, చేతిలో విడిగా ఒక స్టీలు గ్లాసు, దాని మీద చిన్న పళ్ళెం మూత. తొణక్కుండా రెండు చేతులతో పట్టుకుని, మాలతి చూడగానే కనుబొమ్మలు ఎగరేసి నవ్వింది, ఇంకెంతసేపే అన్నట్టు. ఈ సభలో తన ఇంటి గురించే మాట్లాడబోతున్నారని ఆ పిల్లకి తెలియదు. మంచిదే, మృదుల ముందే చెప్తాను నిజం, అనుకుంది మాలతి.

"ఇగ మన మాలతి మాట్లాడ్తది!" నరేష్ బావ మైకు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు, వెచ్చగా ఉంది మైకు, తడిగా కూడా ఉంది. జనం సద్దుమణిగారు. రాములమ్మ కూడా మేలుకుంది. "చెప్పు బిడ్డా, భయపడకు. నిన్ను ఆంధ్రకు ఎవరు తోలిచ్చిన్రు?"

మాలతి నాయన మొహం చూసింది. నాయన తల ఊపాడు, మొదటిరోజు బడికి పంపేటప్పుడు ఊపినట్టు, పో, ఏం కాదు అన్నట్టు. ఆ మొహం చూస్తూ, నేనే నిన్ను గేటు కాడ నుంచి ఎల్లగొట్టిన అని ఎట్లా చెప్పడం, ఇంత మందిలో, ఆ తెల్లచొక్కా ముందు. జనం మొహాలు చూసింది, ఇన్నాళ్ళకి తన మాట కోసం ఎదురుచూస్తున్న మొహాలు, నిజం చెబితే వీళ్ళు కూడా రేపటి నుంచి ఆమెని గుంటూరా మేడం అంటారు. ఎదురుగా గుంజ పక్కన ఒక్క మొహం. ఒక్కటే.

"మా ఓనరు," అంది. "ఎంకటేశ్వర్రావు సారు. చైతన్యపురిల ఉంటడు. నాయినను పిలిచి, నీ పోరిని విజయవాడకు తోలు అన్నడు. మా నాయిన అమాయకుడు, పెద్ద సారు చెప్పిండు గదా అని మగ్గం ఇడిసిపెట్టి నన్ను తోలిండు. ఆల్ల బిడ్డనేమో ఈడనే ఉంచుకున్నరు. నాకు మంచి ర్యాంకొచ్చింది, సీటు రాలే. ఆల్ల బిడ్డకు నాకంటే ఎనకొచ్చింది, సీటొచ్చింది. నేనిప్పుడు ఏడికి పోవాలె? ఎవర్నడగాలె?"

ఒక్కో మాటా నిజమే. అన్నీ కలిపితే అబద్ధం. అది కాదు మాలతిని నిలువునా వణికించింది. నెలల తరబడి బతిమాలినా రాని నాలుక, స్నానాలగదిలో బకెట్ చప్పుడు కింద పాతిపెట్టిన నాలుక, ఎక్కడా తడబడకుండా, కాపలా లేకుండా, అమ్మ మాట్లాడినట్టు, నాయన మాట్లాడినట్టు, గలగలా వచ్చేసింది. ఎవరూ కిసుక్కుమనలేదు. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, రాములమ్మ "అయ్యో నా తల్లీ" అని వీపు నిమిరింది, సీరియల్ల మాట్లాడినట్టు అన్న చిన్నపిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. మన బిడ్డ, మన బిడ్డ అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇన్నేళ్ళూ ఎక్కడెక్కడో వెతుక్కున్న మాట అది. దాని కోసం ఏం ఇవ్వమన్నా ఇచ్చేదాన్ని అనుకునేది. ఇచ్చేసింది.

"ఇన్నరా!" నరేష్ బావ మైకు లాక్కున్నాడు. "రేపు పొద్దుగాల వంటావార్పు ధర్నా ఈడ గాదు, ఆ సారు ఇంటి ముంగటనే! పొయ్యిలన్నీ ఆడనే ముట్టిస్తం! జై తెలంగాణ!" జనం లేచారు, డప్పులు లేచాయి, ధూళి లేచింది. ఆ హోరులో దారి చేసుకుంటూ, ఎవరి మోచెయ్యీ తగలకుండా గ్లాసుని గుండెకి దగ్గరగా పట్టుకుని, మృదుల ముందుకొచ్చింది. నవ్వు లేదు, ఏడుపూ లేదు, మొహం ఎవరో కడిగేసినట్టుంది. దీక్ష విరమింపజేసేది పెద్దవాళ్ళు కాబట్టి, అలవాటు ప్రకారం, గ్లాసు దశరథ చేతికి అందించింది. పన్నెండేళ్ళు ఎరిగున్న పిల్ల, రేకుల గది గుమ్మంలో కూర్చుని చిటికి కట్టడం చూసిన పిల్ల. దశరథ గ్లాసు అందుకున్నాడు గానీ తల ఎత్తి ఆ పిల్ల మొహం చూడలేదు.

"తాగమనండి అంకుల్," అంది మృదుల. "నిన్న రాత్రి నుంచీ ఏం తిని ఉండదు అది. అమ్మ చెప్పమంది."

వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఖాళీ బస్టాండు వైపు, చైతన్యపురి వైపు, రేపు పొద్దున పొయ్యిలు ముట్టించే ఇంటి వైపు. నాయన మూత తీసి గ్లాసు ఆమె నోటికి ఆనించాడు, "తాగు బిడ్డా, తాగు, అయిపోయింది" అన్నాడు. చుట్టూ చప్పట్లు. గ్లాసు పట్టుకున్న మాలతి వేళ్ళకి చుక్కల అక్షరాలు తగిలాయి. వాటిని చదవక్కర్లేదు. తాగింది. పంచదార తక్కువగా, ఉప్పు ఎక్కువగా, ఆమెకి ఎలా ఇష్టమో అలాగే కలిపారు.